కిడ్నీ రోగి పథ్యం ప్యాకెట్ దగ్గర మొదలుకావాలి

అమ్మీకో, అబ్బాజాన్‌కో కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పిన రోజే మన ఇళ్ళలో మొట్టమొదట ఆగిపోయేది పప్పు. తర్వాత శనగలు, చిక్కుళ్ళు, ఆపైన గుడ్డు, మాంసం. నెల తిరిగేసరికి రోగి కంచంలో తెల్లన్నం, పల్చటి చారు మాత్రం మిగులుతాయి. 'నీరసంగా ఉంది' అని రోగి అనగానే నాలుగు బిస్కెట్లు ఇస్తారు. డబ్బాలోని మాల్ట్ పొడి పాలలో కలిపి ఇస్తారు. సాయంత్రం పిల్లలతోపాటు ప్యాకెట్ నూడుల్స్, చూడవచ్చిన బంధువులు తెచ్చిన కూల్ డ్రింకు సరేసరి. వీటికి ఎవరూ అడ్డు చెప్పరు. 'పప్పు కాదు కదా, గోష్ట్ కాదు కదా, ఏమవుతుంది' అనుకుంటారు.

ఈ పర్హేజ్ తలకిందులుగా ఉందన్నదే ఈ వారం మేము చెప్పదలచుకున్న మాట. దెబ్బతిన్న కిడ్నీకి పెద్ద బరువు ఫాస్ఫరస్. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్నే భాస్వరం అంటారు. పప్పులోని ఫాస్ఫరస్‌లో సగం కూడా ఒంటికి పట్టదు. ప్యాకెట్‌లో కలిపే ఫాస్ఫేట్ దాదాపు అంతా రక్తంలోకి చేరుతుంది. మనం తక్కువ చెడును ఆపి, ఎక్కువ చెడుకు తలుపు తెరుస్తున్నాం.

మూత్రంలో దొరికిన మూలకం

1669లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది బంగారం తయారుచేద్దామని మూత్రాన్ని రోజుల తరబడి మరిగించాడు. బంగారం రాలేదు గాని, చీకట్లో మెరిసే ఒక పదార్థం మిగిలింది. అదే భాస్వరం. మనిషి ఒంట్లోని భాస్వరం ఏ దారిన బయటికి పోతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. తిన్న ఆహారం నుంచి అవసరానికి మించి వచ్చిన ఫాస్ఫరస్‌ను మూత్రంలోకి తోసేసేది గుర్దానే.

ఫాస్ఫరస్ విషం కాదు. ఎదిగిన మనిషి ఒంట్లో సుమారు 700 గ్రాములు ఉంటుంది. అందులో 85 శాతం ఎముకలు, పళ్ళలోనే. అది లేకుండా ఒక్క జీవకణం బతకదు. రక్తంలో మాత్రం డెసీలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. కిడ్నీ బలహీనపడ్డ కొద్దీ అది బయటికి పోవడం తగ్గి ఒంట్లో పేరుకుంటుంది.

మొదట్లో శరీరం ఎలాగో సర్దుకుంటుంది. ఎముకల నుంచి ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోను ఎక్కువగా విడుదలై, మిగిలిన కిడ్నీ చేత రెట్టింపు పని చేయిస్తుంది. అందుకే జబ్బు సగం ముదిరినా రిపోర్టులో ఫాస్ఫరస్ మామూలుగానే కనిపించవచ్చు. కిడ్నీ పనితీరును చెప్పే జీఎఫ్ఆర్ అంకె 30 కంటే కిందికి పోయాక గాని చాలామందిలో అది పెరిగినట్టు తెలియదు. అప్పటికే విటమిన్ డి పని మందగిస్తుంది, క్యాల్షియం తగ్గుతుంది. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు రెచ్చిపోయి ఎముకల్లోని క్యాల్షియాన్ని తోడేస్తాయి. ఎముక గుల్లబారుతుంది. ఆ క్యాల్షియం, ఫాస్ఫరస్ కలిసి రక్తనాళాల గోడల్లో సున్నంలా గట్టిపడతాయి. దురద, కీళ్ళనొప్పి పైకి కనిపించేవి. లోపల గుండెకు జరిగే నష్టం కనిపించదు.

1998లో అమెరికాలో ఆరు వేలకు పైగా డయాలసిస్ రోగుల వివరాలు పరిశీలించారు. రక్తంలో ఫాస్ఫరస్ 6.5 దాటినవారిలో చనిపోయే ముప్పు 27 శాతం ఎక్కువగా కనిపించింది. వాళ్ళను చంపింది ఫాస్ఫరస్ ఒక్కటేనని దీని అర్థం కాదు. కాని ఏ కిడ్నీ డాక్టరూ ఆ అంకెను తేలిగ్గా తీసుకోడు.

ఎక్కడి ఫాస్ఫరస్ ఎంత ఒంటికి పడుతుంది

పప్పులు, ధాన్యాలు, గింజల్లోని ఫాస్ఫరస్ చాలావరకు ఫైటేట్ రూపంలో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము మన పేగుల్లో దాదాపు లేదు. అందుకని అందులో 20 నుంచి 50 శాతమే ఒంటికి పడుతుంది. మాంసం, చేప, పాలలోది 40 నుంచి 60 శాతం, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. కార్ఖానాలో కలిపే ఫాస్ఫేట్ లవణాలు మాత్రం 90 శాతానికి పైగా రక్తంలోకి పోతాయి. అవి దేనికీ అంటిపెట్టుకుని ఉండవు. నీళ్ళలో ఉప్పు కరిగినట్టు కరిగి కలిసిపోతాయి.

లెక్క చూడండి. 30 గ్రాముల కందిపప్పు వండితే ఒక మనిషికి ఓ గిన్నెడు పప్పు. అందులో ఫాస్ఫరస్ సుమారు 90 మిల్లీగ్రాములు. ఒంటికి పట్టేది 45కి మించదు. బదులుగా ఆరు గ్రాముల దాకా ప్రోటీన్ దొరుకుతుంది. ప్యాకెట్‌లోని ఫాస్ఫేట్‌తో ఏ ప్రోటీనూ రాదు, ఏ బలమూ రాదు.

2011లో అమెరికాలోని ఇండియానాలో ఒక చిన్న పరీక్ష చేశారు. రోగులు తొమ్మిది మందే. ఒక వారం ధాన్యాలు, పప్పులతో భోజనం, కొంత విరామం తర్వాత మరో వారం మాంసం, పాలతో భోజనం పెట్టారు. రెండింటిలో ఫాస్ఫరస్ కొలత సమానమే. అయినా శాకాహారం తిన్న వారం రక్తంలో ఫాస్ఫరస్ తక్కువగా ఉంది, ఎఫ్‌జీఎఫ్-23 కూడా తగ్గింది. అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శక సంస్థ కేడీఐజీఓ 2017లో ఇదే చెప్పింది: ఎంత ఫాస్ఫరస్ అన్నదే కాదు, ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ చూడాలి.

మరి పప్పు మానేస్తే నష్టమేమిటి? డయాలసిస్ మొదలుకాని రోగికి ప్రోటీన్ తగ్గించమంటారు, నిజమే. కాని డయాలసిస్ మొదలైన రోగికి శరీర బరువులో కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఈ రెండు దశల పథ్యం ఒకదానికొకటి ఎదురు. మన ఇళ్ళలో మొదటి రోజు రాసిచ్చిన పథ్యం కాగితమే ఏళ్ళ తరబడి గోడ మీద ఉంటుంది. డయాలసిస్ మొదలైనా ఆ కాగితం మారదు. రోగి కండ కరిగిపోతుంటే 'జబ్బు తినేస్తోంది' అంటారు. సగం తినేస్తున్నది ఆ పాత కాగితమే.

అయితే, రక్తంలో పొటాషియం ఎక్కువున్న రోగికి పప్పు నానబెట్టి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంపేసి తాలింపు వేయండి. ఎంత పెట్టాలో మీ డాక్టరు రిపోర్టు చూసి చెప్తారు.

ఇంగ్లీషు రాకున్నా అంకెలు వస్తే చాలు

ప్యాకెట్‌లో ఫాస్ఫేట్ ఎందుకు కలుపుతారు? నూడుల్స్ సాగకుండా నిలవడానికి, చీజ్ ముద్దగా కరగడానికి, ఐసులో పెట్టిన చికెన్, రొయ్య నీరు విడవకుండా బరువుగా ఉండడానికి, కేకు పొంగడానికి, కోలాకు పులుపు రావడానికి. ఆహారాన్ని నిలవ ఉంచే కంపెనీకి అది లాభం. కిడ్నీ రోగికి అది బరువు.

మన కుటుంబాలు కొన్ని తరాలుగా బెంగళూరు, బళ్ళారి, చెన్నై, షోలాపూర్, బరంపురం, యానాంలలో స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, బయట కన్నడమో, తమిళమో, మరాఠీనో, ఒడియానో. ప్యాకెట్ మీది సన్న అక్షరాలేమో ఎక్కువగా ఇంగ్లీషు. దాదీకి అది చదవడం రాకపోవచ్చు. కాని అంకెలు అందరికీ వస్తాయి. మన దేశంలో కలిపే పదార్థాలకు ఐఎన్ఎస్ అంకెలు వేస్తారు. ఫాస్ఫేట్‌ల అంకెలు ఇవి: 338 నుంచి 343 వరకు, 450, 451, 452, ఇంకా 541. 338 కోలాల్లో వేసే ఫాస్ఫారిక్ యాసిడ్. 339, 450, 452 చీజ్ ముక్కల్లో కనిపిస్తాయి. 451, 452 నూడుల్స్, నగ్గెట్లు, సాసేజీల్లో. బేకింగ్ పౌడర్‌లో 341 లేదా 450 ఉండవచ్చు. ఈ అంకెల్లో ఏదో ఒకటి కనిపించిన ప్యాకెట్ కిడ్నీ రోగి నోటికి పోరాదు. అంతే సూత్రం.

ఇంత చిన్న పనితో ఫలితం ఉంటుందా? 2009లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 279 మంది డయాలసిస్ రోగులపై ఇదే పరీక్షించారు. సగం డయాలసిస్ కేంద్రాల్లోని రోగులకు ఫాస్ఫేట్ కలిపిన ఆహారాలను గుర్తుపట్టి వదిలేయడం నేర్పారు. మిగిలిన వారికి మామూలు వైద్యమే. మూడు నెలల తర్వాత చూస్తే, నేర్చుకున్నవారిలో ఫాస్ఫరస్ మిగతావారి కంటే 0.6 మిల్లీగ్రాము అదనంగా తగ్గింది. కొత్త మందు లేదు, కొత్త ఖర్చు లేదు. ప్యాకెట్ చదవడం ఒక్కటే.

'పేదవాడికి ఈ పథ్యాలు సాధ్యమా' అని కొందరు అడుగుతారు. ఈ పథ్యంలో డబ్బు మిగులుతుంది. అన్నం, పప్పు, సొరకాయ, బీరకాయ, దోసకాయ ఎప్పుడూ నూడుల్స్, మాల్ట్ డబ్బాల కంటే చవకే.

బలానికని పెట్టేవి

యూనానీలో ముకవ్వీ, అంటే బలమిచ్చే ఆహారం, అన్న మాటకు గొప్ప స్థానముంది. గుర్దా కమ్జోర్ అయిందంటే నానీ చేతులు వెంటనే యఖ్నీ వైపు, బాదం పిస్తాల వైపు పోతాయి. ప్రేమతోనే పోతాయి. కాని ఈ ఒక్క జబ్బులో ఆ ప్రేమ దారి మార్చుకోవాలి.

మాంసం ఉడికించినప్పుడు అందులోని ఫాస్ఫరస్‌లో కొంత నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళే యఖ్నీ. మనం ముక్క తీసి పక్కన పెట్టి యఖ్నీ రోగికి తాగిస్తాం. చేయవలసింది అందుకు ఎదురు. చిన్న ముక్కలుగా కోసి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, ముక్కను మసాలాలో వేయించి పెట్టాలి. కలేజీ, గుర్దా, మగజ్ వండితే రోగి కంచం దాటించండి. గుర్దా తింటే గుర్దా బాగుపడుతుందన్నది ఇక్కడ పనిచేయదు.

గుడ్డు మొత్తం ఆపనక్కర్లేదు. ఒక పచ్చసొనలో ఫాస్ఫరస్ సుమారు 65 మిల్లీగ్రాములుంటే, తెల్లసొనలో ఐదు మాత్రమే. ప్రోటీన్ మాత్రం తెల్లసొనలో మూడున్నర గ్రాములు. డయాలసిస్ రోగికి ఇంతకంటే చవకైన బలం లేదు. 200 మిల్లీలీటర్ల ఆవుపాలలో ఫాస్ఫరస్ 190 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. టీలోకి పోసే కాసిని పాలు వేరు, రాత్రిపూట గ్లాసుడు పాలు వేరు. ఖోవా, పనీర్ ఇంకా చిక్కన.

యానాం, బరంపురం, చెన్నై వైపు మనవాళ్ళకు ఎండు నెత్తళ్ళు లేనిదే ముద్ద దిగదు. చిన్న చేపను ముల్లుతో సహా తింటాం. ముల్లంటే క్యాల్షియం ఫాస్ఫేటే. పైగా ఉప్పు. కిడ్నీ రోగి వాటికి దూరంగా ఉండక తప్పదు. తాజా చేపముక్క, ముల్లు తీసి, కొద్దిగా పెట్టండి.

రంజాన్ నెలలో

డయాలసిస్ మీద ఉన్నవారికి, జబ్బు ముదిరినవారికి రోజా ప్రమాదకరం కావచ్చు. రోగికి షరీఅత్‌లో వెసులుబాటు ఉంది. ముందుగా కిడ్నీ డాక్టరును, తర్వాత ఆలిమ్‌ను అడగండి. 'నేను ఉండగలను' అన్న పట్టుదల ఒక్కటే సరిపోదు.

ఫాస్ఫరస్ కోసం ఇచ్చే మాత్రలను బైండర్లు అంటారు. సెవెలామర్, క్యాల్షియం అసిటేట్, లాంథనం కార్బొనేట్ వీటిలో కొన్ని. ఇవి పేగులో ఆహారంలోని ఫాస్ఫరస్‌ను పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతాయి. అంటే అన్నంతో కలిసినప్పుడే పని. ఇఫ్తార్‌లో ఖర్జూరంతో మాత్ర మింగేసి, మగ్రిబ్ నమాజు చేసుకుని, తీరిగ్గా భోజనానికి కూర్చుంటే ఆ మాత్ర వృథా. దాన్ని దస్తర్‌ఖాన్ మీద పెట్టుకుని భోజనం మధ్యలో వేసుకోవాలి. రంజాన్‌లోనే కాదు, ఏడాది పొడవునా ఇంతే.

ఖర్జూరంలో ఫాస్ఫరస్ తక్కువే, పొటాషియం ఎక్కువ. ఒకటితో ఆపండి. ఈద్ నాటి షీర్ ఖుర్మాలో పాలు, ఖర్జూరం, జీడిపప్పు, పిస్తా అన్నీ చేరతాయి. రోగికి పండుగను పూర్తిగా తీసేయకండి. చిన్న కప్పులో నాలుగు చెంచాలు చాలు.

డయాలసిస్ ఉంది కదా అనుకునేవారికి కూడా ఒక లెక్క. నాలుగు గంటల డయాలసిస్‌లో బయటికి పోయే ఫాస్ఫరస్ దాదాపు 800 మిల్లీగ్రాములు. వారానికి మూడుసార్లయితే 2400. రోజుకు 1000 తిని, అందులో 60 శాతం ఒంటికి పట్టినా వారానికి 4200 చేరుతుంది. మిగిలిన 1800ను మిషను తీయదు. పర్హేజ్, మాత్ర కలిసి తీయాలి.

హకీమ్ సాహెబులకు ఒక విన్నపం

యూనానీ చికిత్సలో మొదటి మెట్టు ఇలాజ్ బిల్ గిజా, అంటే ఆహారంతో వైద్యం. దవా తర్వాతే. ఆరోగ్యానికి తప్పనిసరైన ఆరు కారణాల్లో తిండి, తాగుడును మన వైద్యం గాలి తర్వాత లెక్కపెట్టింది. అలాంటి వైద్యం చేసేవారు కిడ్నీ రోగి పథ్యాన్ని 'పప్పు మానండి' అన్న ఒక్క మాటతో ముగించడం తగదని మా అభిప్రాయం.

'నబ్జ్ చూసే హకీమ్‌కు ల్యాబ్ రిపోర్టుతో పనేమిటి' అనేవారున్నారు. మన పూర్వ హకీమ్‌లు గాజుపాత్రలో ఖారూరా, అంటే మూత్రం పట్టి, రంగు, చిక్కదనం, అడుగున దిగిన మడ్డి చూసి గాని మందు రాసేవారు కాదు. ఈనాటి క్రియాటినిన్, ఫాస్ఫరస్, పొటాషియం రిపోర్టులు ఆ ఖారూరాకు వారసులే. నడుము నొప్పి, కాళ్ళ వాపు, నీరసం అంటూ వచ్చిన షుగర్, బీపీ రోగికి రిపోర్టు చూడకుండా మందు ఇవ్వరాదు.

ముఖ్యంగా కుష్తాల విషయం. కుష్తా ఖర్నుల్ ఐల్ జింక కొమ్ము భస్మం. కొమ్ము కాలితే మిగిలేది ఎక్కువగా క్యాల్షియం ఫాస్ఫేటే. మూత్రం జారీ కావడానికి వాడే షోరా ఖల్మీ, జవాఖార్‌లు పొటాషియం లవణాలు. దెబ్బతిన్న కిడ్నీ వాటిని బయటికి పంపలేకపోతే పొటాషియం గుండెను ఆపేయగలదు. పాదరసం, సంఖియా చేరిన కుష్తాల సంగతి చెప్పనవసరం లేదు. ఆరోగ్యవంతుడికి పనికొచ్చిన మందే కిడ్నీ రోగికి పనికిరాకపోవచ్చని చెప్పడం యూనానీని తక్కువ చేయడం కాదు. రోగి మిజాజ్‌ను బట్టే మందు అన్నది మన వైద్యం మొదటి పాఠం.

అలాగే పాఠకులకు: డాక్టరు ఇచ్చిన మాత్ర ఆపి యూనానీ మందు మొదలుపెట్టకండి. రెండూ వాడుతుంటే ఇద్దరికీ చెప్పండి, దాచకండి.

ప్రభుత్వం చేయవలసింది

2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం వల్ల జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచిత డయాలసిస్ దొరుకుతోంది. మంచి పని. కాని 2020లో వచ్చిన లేబుల్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద చక్కెర, కొవ్వు, సోడియం ఎంతో రాయాలి గాని, ఫాస్ఫరస్ ఎంతో రాయనక్కర్లేదు. అంకె చూసి ఫాస్ఫేట్ ఉందని తెలుసుకోగలం, ఎంత ఉందో తెలుసుకోలేం. డయాలసిస్‌కు డబ్బు పెట్టే ప్రభుత్వం ఒక్క వరుస అదనంగా రాయించలేదా? ఫాస్ఫరస్ మిల్లీగ్రాముల్లో ప్రతి ప్యాకెట్ మీదా ఉండాలి. డయాలసిస్ కేంద్రాల్లో పథ్యం కాగితం స్థానిక భాషతోపాటు రోగి ఇంటి భాషలోనూ ఇవ్వాలి. చెన్నైలోనో, షోలాపూర్‌లోనో ఉన్న తెలుగు ఇల్లాలికి తమిళ కాగితమో, మరాఠీ కాగితమో ఇచ్చి పంపితే వంటగదిలో ఏమీ మారదు.

అది జరిగేదాకా పని మన చేతుల్లోనే ఉంది. ఇంట్లో కిడ్నీ రోగి ఉంటే ఈ జుమా రోజున పిల్లలను కూర్చోబెట్టి వంటగది అలమరలోని ప్యాకెట్లన్నీ దించండి. 338 నుంచి 343, 450 నుంచి 452, 541. ఈ అంకెలున్నవాటి మీద ఎర్ర పెన్నుతో గీత పెట్టించండి. గీత ఉన్నది రోగికి వద్దు. ఆ తర్వాత, ఈసారి రిపోర్టు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఒకే ప్రశ్న అడగండి: 'మా రోగికి రోజుకు ఎంత పప్పు పెట్టవచ్చు?'